ఫెరార్గంజ్ నుంచి రేవు దాకా

పోర్ట్ బ్లెయిర్ చూడవచ్చే మనవాళ్లకు సాధారణంగా రెండు దారులు. ఒకటి విమానం దిగి లాంబా లైన్ మీదుగా ఊళ్లోకి రావడం. రెండోది విశాఖలోనో, చెన్నైలోనో, కోల్‌కతాలోనో ఓడెక్కి హాడో రేవులో దిగడం. ఏ దారిన వచ్చినా ముందు చూసేది సెల్యులార్ జైలు, తరువాత రాస్ ద్వీపం, సాయంత్రం దీపాల కాంతిలో జైలు కథ వినిపించే ప్రదర్శన. మర్నాటికి హేవ్‌లాక్ పడవ ఎక్కేస్తారు.

నేను ఈసారి మూడో దారి పట్టాను. అది పెరటి దారి. దక్షిణ అండమాన్‌లో అడవి అంచున ఉన్న ఫెరార్గంజ్ నుంచి బస్సులో బాంబూ ఫ్లాట్, అక్కణ్ణుంచి ఫెర్రీ మీద ఛాథం, ఆ పైన కాలినడకన అబెర్డీన్ బజారు, జైలు, జంగ్లీఘాట్. ఒక్కణ్ణే వెళ్లాను. గుంపుతో వెళ్తే గైడు చెప్పింది వినాలి, ఫొటో దిగమన్న చోట దిగాలి. ఒక్కడే అయితే బస్సు స్టాపులో పక్కన కూర్చున్న మనిషితో మాట కలపొచ్చు, ఊరి పేరు రాసిన బోర్డు ముందు కాసేపు నిలబడి ఆలోచించొచ్చు.

నా మనసులో ఉన్న ప్రశ్న ఒక్కటే. మన గోదావరి, విశాఖ ఏజెన్సీ కొండల నుంచి రంప తిరుగుబాట్ల తరువాత ఇక్కడికి తరలించిన మనవాళ్ల జాడ ఈ రేవు పట్నంలో ఎక్కడ కనిపిస్తుంది? ఆ ప్రశ్న పట్టుకుని తిరిగితే తేలిన సంగతులు సంఘం మిత్రులతో పంచుకోవాలని ఈ వ్యాసం.

ఇది ఏ దేశపు రేవు?

రాజకీయ పటంలో ఇది భారతదేశం. కానీ నేల, గాలి, అడవి చూస్తే ఇది ఆగ్నేయాసియా వాకిలి. విశాఖకు, పోర్ట్ బ్లెయిర్‌కు మధ్య సముద్రం మీద సుమారు 1200 కిలోమీటర్లు. అదే దక్షిణపు కొసన ఇందిరా పాయింట్ నుంచి ఇండోనేషియా నేల సుమారు 160 కిలోమీటర్లే. ఉత్తరాన ఉన్న కోకో దీవులు బర్మావి, అంటే నేటి మయన్మార్‌వి. రాజేంద్ర చోళుడి తంజావూరు శాసనం శ్రీవిజయ రాజ్యం మీద చేసిన నౌకా దండయాత్రను చెబుతూ, గెలిచిన చోట్లలో నక్కవరాన్ని, అంటే నికోబార్‌ను కూడా లెక్కపెట్టింది. అది 1025 నాటి దండయాత్ర. అంటే ఈ దీవులు వెయ్యేళ్ల కిందటే తూర్పు సముద్రపు దారిలో మజిలీలు.

ఇప్పటి రేవు కథ మాత్రం 1789లో మొదలయింది. ఈస్టిండియా కంపెనీ నౌకాదళానికి చెందిన లెఫ్టినెంట్ ఆర్చిబాల్డ్ బ్లెయిర్ ఈ రేవును సర్వే చేసి, ఛాథం ద్వీపం మీద మొదటి వలస పెట్టాడు. విశేషమేమిటంటే, ఆయన ఈ రేవుకు పెట్టిన పేరు తన పేరు కాదు. నౌకాధిపతి కార్న్‌వాలిస్ పేరు మీద పోర్ట్ కార్న్‌వాలిస్ అన్నాడు. 1792లో వలసను ఉత్తర అండమాన్‌లోని మరో రేవుకు మారిస్తే, ఆ పేరు కూడా మూటాముల్లెతో పాటు అక్కడికే పోయింది. జ్వరాలు, చావులు తట్టుకోలేక 1796లో ఆ వలసనూ ఎత్తేశారు. 1858లో తెల్లవాళ్లు మళ్లీ వచ్చినప్పుడు ఈ పాత రేవు పోర్ట్ బ్లెయిర్ అయింది. 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం దీనికి శ్రీ విజయ పురం అని పేరు మార్చింది. ఒకే రేవుకు మూడు పేర్లు. ఈ పేర్ల సంగతి గుర్తుపెట్టుకోండి, దీనితో ముందు ముందు పని ఉంది.

ఫెరార్గంజ్

ఫెరార్గంజ్ ఇప్పుడు దక్షిణ అండమాన్ జిల్లాలో ఒక తాలూకా కేంద్రం. నాలుగు దుకాణాలు, బస్సుల రాకపోకలు, కొబ్బరి, పోక తోటలు. ఉత్తరానికి వెళ్లే ట్రంక్ రోడ్డు ఇక్కడ దాటాక జిర్కాటాంగ్ చేరుతుంది. ఆ పైన జరావాల అడవి. వాహనాలన్నీ పోలీసు కాన్వాయ్‌లోనే వెళ్లాలి.

ఊరికి ఈ పేరు మైకేల్ లాయిడ్ ఫెరార్ వల్ల వచ్చింది. 1923 నుంచి 1931 దాకా ఆయన అండమాన్ చీఫ్ కమిషనర్. సీతాకోకచిలుకలు సేకరించిన ఆసక్తిపరుడు కూడా. చరిత్రలో ఆయన కాలం ఒక మలుపు. జైళ్ల కమిటీ సిఫార్సుల తరువాత 1921లో ఈ ఖైదీల వలసను ఎత్తివేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. అయితే వేలాది మందిని తెచ్చి, అడవి నరికించి, రోడ్లు వేయించి, పొలాలు చేయించాక వాళ్లను ఏం చేయాలి? ఖైదీల దీవిని కాపురాల దీవిగా మార్చే పని మొదలయింది. గంజ్ అని ముగిసే ఊళ్లు ఇక్కడ వరసగా కనిపిస్తాయి: ఫెరార్గంజ్, వింబర్లీగంజ్, స్టీవార్ట్‌గంజ్, కాడెల్‌గంజ్. ముందు సగం దొరగారిది, వెనక సగం హిందుస్తానీ సంతది. ఊళ్లో కాపురమున్నవాడి పేరు మాత్రం ఏ సగంలోనూ లేదు.

ఇక్కడికి వచ్చినవాళ్లెవరు? 1921 మలబారు తిరుగుబాటు తరువాత మాప్పిళ్లలను తెచ్చారు. వాళ్లు తమ ఊళ్ల పేర్లు తోడు తెచ్చుకున్నారు. కాలికట్, మంజేరి, తిరూర్, మన్నార్‌ఘాట్ అన్న ఊళ్లు ఇప్పటికీ దక్షిణ అండమాన్‌లో ఉన్నాయి. 1925లో బర్మా నుంచి కరెన్లను తెచ్చి మధ్య అండమాన్‌లో మాయాబందర్ వైపు స్థిరపరిచారు. 1926లో ఉత్తర భారతం నుంచి భాంటూలు అనే తెగవారిని, పుట్టుకతోనే నేరస్థులని చట్టం ముద్ర వేసినవాళ్లను, సాల్వేషన్ ఆర్మీ చేత రప్పించి ఈ ఫెరార్గంజ్, కాడెల్‌గంజ్ చుట్టుపక్కల పెట్టారు. 1949 నుంచి తూర్పు బెంగాల్ కాందిశీకులు వచ్చారు. ఇరవై, పాతిక కిలోమీటర్ల బస్సు ప్రయాణంలో సగం భారతదేశం కిటికీలోంచి కనిపిస్తుంది.

టీ కొట్టులో నా పక్కన కూర్చున్న పెద్దాయనను, మీ పూర్వీకులది ఏ ప్రాంతం అని హిందీలో అడిగాను. ఇక్కడ అందరికీ పొత్తు భాష హిందీయే. ఆయన నవ్వి, "మేం లోకల్ బార్న్ సాబ్. తాతది యూపీ అంటారు, నానమ్మది మరో రాష్ట్రం. ఇద్దరూ ఓడ దిగిన తరువాతే కలిశారు. ఏ నేరం మీద వచ్చారో మేం అడగలేదు, వాళ్లు చెప్పలేదు" అన్నాడు. శిక్షలో కొన్నేళ్లు గడిచి, నడవడి బాగుంటే ఖైదీకి సెల్ఫ్ సపోర్టర్ అని పేరు పెట్టి కాస్త భూమి ఇచ్చేవారు, స్త్రీ ఖైదీని పెళ్లాడనిచ్చేవారు. అలా ఏర్పడిన కుటుంబాలే ఈ లోకల్ బార్న్‌లు. కులం, మతం, ప్రాంతం అన్నీ ఓడలోనే కలగలిసిపోయాయి. దానితో పాటు ఇంటిపేర్లూ పోయాయి. ఆంధ్ర నుంచి వచ్చి ఇక్కడే ఆగిపోయిన ఖైదీ మనవడు ఈ రోజు నా ముందు కూర్చున్నా, తాను తెలుగువాణ్ణని అతనికి తెలియాలని లేదు.

కొండ కింద హోప్ టౌన్

ఫెరార్గంజ్ నుంచి వింబర్లీగంజ్ మీదుగా బాంబూ ఫ్లాట్ చేరితే ఎదురుగా రేవు, వెనకాల కొండ. దీన్ని 150 ఏళ్లకు పైగా మౌంట్ హారియట్ అన్నారు. 1862 నుంచి 1864 దాకా ఇక్కడ సూపరింటెండెంట్‌గా పనిచేసిన కర్నల్ టైట్లర్ భార్య పేరు హారియట్. పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనక కొబ్బరి చెట్లు, సముద్రం ఉండేవి, గుర్తుందా? ఆ దృశ్యం ఈ కొండ దారి నుంచి కనిపించే నార్త్ బేదే.

కొండ కింద హోప్ టౌన్. 1872 ఫిబ్రవరి 8 సాయంత్రం, వైస్రాయ్ లార్డ్ మేయో కొండెక్కి సూర్యాస్తమయం చూసి, దిగి జెట్టీ మీదికి నడుస్తున్నాడు. చీకట్లోంచి షేర్ అలీ ఆఫ్రిదీ అనే ఖైదీ దూకి కత్తితో పొడిచాడు. బ్రిటిష్ ఇండియాలో పదవిలో ఉండగా హత్యకు గురైన వైస్రాయ్ ఆయన ఒక్కడే. షేర్ అలీని మార్చిలో వైపర్ ద్వీపంలో ఉరితీశారు. ఆ సంఘటన తరువాత ప్రపంచ పత్రికలన్నిటికీ ఈ రేవు పేరు తెలిసింది. అంతకు పద్నాలుగేళ్ల ముందు, 1858 మార్చి 10న, సిపాయీల తిరుగుబాటు ఖైదీలు 200 మందితో డాక్టర్ వాకర్ ఇక్కడ దిగినప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. 1859 మేలో అబెర్డీన్ దగ్గర విల్లంబులతో తుపాకుల మీదికి వచ్చిన గ్రేట్ అండమానీల గురించీ పట్టించుకోలేదు. ఒకప్పుడు వేలల్లో ఉన్న ఆ జాతి ఈనాడు కొద్ది పదుల మందికి దిగిపోయింది. ఈ నేలకు వాళ్లు పెట్టుకున్న పేర్లు ఏ బోర్డు మీదా లేవు.

2021 అక్టోబరులో ఈ కొండకు మౌంట్ మణిపూర్ అని పేరు మార్చారు. 1891 ఆంగ్లో మణిపూర్ యుద్ధం తరువాత కులచంద్ర సింగ్‌ను, ఆయన అనుచరులను ఇక్కడ నిర్బంధించారు. వాళ్ల జ్ఞాపకంగా ఆ పేరు పెట్టారు. ఇది నాకు చాలా నచ్చిన మార్పు. ఎందుకంటే అది గాలిలోంచి వచ్చింది కాదు. మణిపూర్ ప్రజలు తమవాళ్లు ఎవరు, ఎన్నడు, ఎక్కడ ఉన్నారో మరిచిపోలేదు. రికార్డు చూపించగలిగారు, అడగగలిగారు. కొండ వాళ్లకు దక్కింది. మన సంగతేమిటి అన్న ప్రశ్న నాకు అక్కడే గట్టిగా తగిలింది.

ఫెర్రీ మీద

బాంబూ ఫ్లాట్ నుంచి ఛాథంకు ఫెర్రీలో కొద్ది నిమిషాలే. అదే రోడ్డు మీద ఫెరార్గంజ్ చుట్టి తిరిగి వస్తే దాదాపు యాభై కిలోమీటర్లు. స్కూటర్లు, కూరగాయల గంపలు, బడిపిల్లలు, ఆఫీసులకు పోయేవాళ్లు అందరూ ఒకే పడవలో. ఎదురుగా నౌకాదళ ఓడలు కనిపిస్తే మనలాంటివాళ్లకు సహజంగానే ఛాతీ పొంగుతుంది. 1964లో ఇక్కడ ఐఎన్ఎస్ జరావా ఏర్పాటయింది. 2001 అక్టోబరు 8న మూడు దళాలను ఒకే నాయకత్వం కిందికి తెచ్చిన దేశపు మొదటి ఉమ్మడి కమాండ్ ఇక్కడే మొదలయింది. 1971 డిసెంబరులో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ విశాఖ వాకిట్లో విక్రాంత్ కోసం కాచుకుని ఉండగా, విక్రాంత్ అండమాన్ జలాల్లో భద్రంగా ఉంది. విశాఖకు, ఈ దీవులకు ఉన్న బంధం అంత దగ్గరిది.

ఛాథంలో 1883లో పెట్టిన రంపపు మిల్లు ఇప్పటికీ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు పడి ఏర్పడిన గుంటను చూపిస్తారు. 1942 మార్చి 23న జపాన్ సైన్యం ఈ రేవును ఆక్రమించింది. 1943 డిసెంబరు 30న నేతాజీ ఇక్కడి జిమ్‌ఖానా మైదానంలో త్రివర్ణ పతాకం ఎగరేశారు. ఆ తరువాత సరిగ్గా నెలకు, 1944 జనవరి 30న, గూఢచారులన్న అనుమానంతో జపాన్ సైనికులు 44 మంది స్థానికులను హంఫ్రీగంజ్‌లో కాల్చి చంపారు. ఒకే నేల మీద ఆ గౌరవమూ, ఆ ఘోరమూ రెండూ జరిగాయి. చరిత్ర చెప్పేవాడు ఒకటి చెప్పి రెండోది దాచకూడదు. 1945 అక్టోబరు 9న అదే జిమ్‌ఖానా మైదానంలో జపాన్ వాళ్లు లొంగిపోయారు.

జైలు గోడల మీద

సెల్యులార్ జైలు 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తి చేశారు. ఇటుకలు బర్మా నుంచి తెచ్చారు. మధ్యలో బురుజు, దాని చుట్టూ చక్రం ఆకుల్లా ఏడు రెక్కలు, మూడేసి అంతస్తులు, దాదాపు 700 గదులు. ఒక రెక్క ముఖం పక్క రెక్క వీపు వైపు ఉంటుంది. ఖైదీకి మరో ఖైదీ ముఖం కనపడకూడదు, అంతే వాళ్ల లెక్క. గానుగకు ఎద్దు బదులు మనిషిని కట్టి రోజుకు 30 పౌన్ల కొబ్బరినూనె తీయమనేవారు. ఏడు రెక్కల్లో ఇప్పుడు మూడే మిగిలాయి. 1979 ఫిబ్రవరి 11న ప్రధాని మొరార్జీ దేశాయి దీన్ని జాతీయ స్మారకంగా అంకితం చేశారు.

బురుజులో పాలరాతి ఫలకాల మీద రాజకీయ ఖైదీల పేర్లు చెక్కి ఉన్నాయి. నెమ్మదిగా చదివాను. ఒక్కో పేరు దగ్గర ఆగాల్సిందే. 1933 మేలో నిరాహారదీక్షలో ప్రాణాలు పోగొట్టుకున్న మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మైత్రాలను తలచుకుని ఒక నిమిషం నిలబడ్డాను.

అయితే ఒక మాట గమనించాలి. రాజకీయ ఖైదీ అన్న మాట అందరికీ దక్కలేదు. బెంగాల్ విప్లవకారుడు బాంబు వేస్తే రాజకీయం. మలబారు రైతు, బర్మాలో తారావడ్డీ రైతు, మన రంప కొండమనిషి పోలీసు ఠాణా మీదికి వెళ్తే అది దోపిడీ, హత్య, రాజద్రోహం. చదువుకున్నవాళ్లు బయటికి వచ్చి తమ జైలు అనుభవాలు పుస్తకాలుగా రాశారు. వారీంద్ర ఘోష్ రాశారు, సావర్కర్ రాశారు. అవి చదివి దేశం వాళ్లను గుర్తుపెట్టుకుంది. సంతకం రాని మనిషి వేలిముద్ర వేసి లోపలికి వెళ్లాడు. అతని కథ కోర్టు తీర్పులో ఉంది, జైలు రిజిస్టరులో ఉంది. అవి రెండూ అతన్ని శిక్షించినవాళ్లు రాసినవే.

రంప మనుషులు

రంప అంటే మనకు వెంటనే అల్లూరి సీతారామరాజు గుర్తొస్తారు. అంతకు ముందే, 1879లో, గోదావరి ఏజెన్సీ రంపలో పెద్ద తిరుగుబాటు జరిగింది. కల్లు మీద చిగురు పన్ను, అడవి మీద ఆంక్షలు, మునసబుదారు దౌర్జన్యం, షావుకార్ల అప్పు పత్రాలు కలిసి కొండజనాన్ని లేపాయి. అంబుల్ రెడ్డి, ద్వారబంధాల చంద్రయ్య, కారం తమ్మన్నదొర వంటివాళ్లు నాయకులు. అణచివేశాక పట్టుబడినవాళ్లలో చాలామందిని అండమాన్‌కు పంపారు. అప్పటికి ఈ జైలే లేదు. వాళ్లు చూసింది వైపర్ గొలుసులు, అడవి నరికే పని.

రెండో తిరుగుబాటు 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణా మీద దాడితో మొదలయింది. గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ కూలి సరిగా ఇవ్వకుండా రోడ్డు పని చేయించడం అక్కడి జనం కడుపుమంటకు ఒక కారణం. 1924 మే 7న సీతారామరాజును కాల్చి చంపారు. ఆయన కుడిభుజం లాంటి గాం గంటందొర అదే ఏడాది జూన్‌లో నేలకొరిగాడు. గంటందొర తమ్ముడు మల్లుదొర అంతకు ముందే, 1923లో పట్టుబడ్డాడు. అతనికి వేసిన ఉరిశిక్ష యావజ్జీవంగా మారింది. అండమాన్ పంపారు.

ఆ మల్లుదొర కథలో తరువాతి అధ్యాయం మనలో ఎందరికి తెలుసు? స్వతంత్ర భారతంలో 1952లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికల్లో విశాఖపట్నం ద్విసభ్య నియోజకవర్గం నుంచి లంకా సుందరంతో పాటు గాం మల్లుదొర స్వతంత్ర అభ్యర్థిగా లోక్‌సభకు గెలిచారు. ఉరికంబం నీడ నుంచి కాలాపానీకి, కాలాపానీ నుంచి పార్లమెంటుకు. ఇలాంటి జీవితం మరో రాష్ట్రంలో ఉంటే పాఠ్యపుస్తకంలో పాఠమై ఉండేది, ఏ కూడలిలోనో విగ్రహమై ఉండేది. మన ఇళ్లలో పిల్లల్ని అడిగి చూడండి, పేరు విన్నామనేవాళ్లు ఒకరో ఇద్దరో.

మైదానం నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు. 1933 నాటి కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి కూడా ఈ జైలు చూసినవారే. 1937 నిరాహారదీక్ష తరువాత, 1938 జనవరి నాటికి రాజకీయ ఖైదీలందరినీ వెనక్కి పంపేశారు.

రంగం ఓడ, కాలాపానీ ఓడ

మన ఉత్తరాంధ్ర పల్లెల్లో పెద్దవాళ్లు రంగూన్‌ను రంగం అంటారు. కొరంగి, విశాఖ, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి బర్మా ఓడలెక్కి వేలాది మంది కూలికి రంగం పోయారు. బర్మాలో తెలుగువాణ్ణి కొరంగీ అన్నారు. 1942లో జపాన్ వస్తుంటే వాళ్లలో ఎందరో నడిచి, పడవలెక్కి వెనక్కి వచ్చారు. ఆ జ్ఞాపకమే ఈనాటికీ విశాఖలో బర్మా క్యాంపు అనే పేటగా మిగిలింది.

అంటే ఒకే బంగాళాఖాతం మీద, ఒకే కాలంలో తెలుగువాళ్లు రెండు రకాల ఓడలెక్కారు. ఆకలి తోస్తే ఎక్కింది రంగం ఓడ. సంకెళ్లు వేసి ఎక్కించింది కాలాపానీ ఓడ, ఎస్.ఎస్. మహారాజా వంటిది. రంగం పోయినవాడి గురించి ఇంట్లో కథలున్నాయి, పంపిన డబ్బు, తెచ్చిన టేకు పెట్టె ఉన్నాయి. కాలాపానీ పోయినవాడి గురించి ఇంట్లో ఉన్నది భయం. పోలీసులు మళ్లీ వస్తారేమోనని పేరెత్తని భయం. ఒక తరం పేరెత్తకపోతే రెండో తరానికి పేరు ఉండదు. మరుపు అలా మొదలయింది. అందులో ఆ కుటుంబాల తప్పేమీ లేదు.

ఇప్పుడు అండమాన్‌లో ఉన్న తెలుగువాళ్లు ఎక్కువమంది ఆ ఖైదీల సంతానం కాదు. స్వాతంత్ర్యం తరువాత చేపల వేటకు, కూలికి, కాంట్రాక్టు పనులకు, ఉద్యోగాలకు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి వచ్చినవాళ్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లో సుమారు 3 లక్షల 80 వేల జనం ఉంటే, అందులో దాదాపు 13 శాతం మాతృభాష తెలుగు. ప్రతి ఎనిమిది మందిలో ఒకరు మనవాళ్లే.

జంగ్లీఘాట్‌లో దిగితే మన తీరంలో ఉన్నట్టే ఉంటుంది. వలలు ఆరేసుకున్న రేవు, పడవల మీద దేవుళ్ల పేర్లు, ఎండుచేపల వాసన. చేపలు అమ్ముతున్న ఒక పెద్దావిడ నా తెలుగు విని తలెత్తి చూసింది.

"ఏటి బాబూ, ఏ ఊరు మీది? నేవీయా?"

చెప్పాను. ఆమెది సోంపేట వైపు. పెళ్లయి వచ్చి నలభై ఏళ్లు దాటిందట. జైలు చూశావా అమ్మా అని అడిగాను.

"సూసినాం. సుట్టాలొస్తే తీసుకెళ్తాం గదా."

అందులో మనవాళ్లు కూడా ఉన్నారు, సీతారామరాజు మనుషులు, అన్నాను. ఆమె చెయ్యి చేప మీద ఆగిపోయింది.

"మనోళ్లా? మనోళ్లెవులున్నారో మాకెవులు సెప్తారు బాబూ?"

ఆ ప్రశ్నకు జవాబు ఆమె దగ్గర ఉండనక్కర్లేదు. చదువుకుని, దేశమంతా తిరిగి, పింఛను తీసుకుంటూ, సంచికల్లో వ్యాసాలు రాసుకునే మనలాంటివాళ్ల దగ్గర ఉండాలి.

మనం చేయగలిగింది

దీవుల పేర్లు ఈ మధ్య చాలా మారాయి. 2018 డిసెంబరులో రాస్ ద్వీపం నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపమయింది, నీల్ షహీద్ ద్వీపం, హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీపం అయ్యాయి. 2023 జనవరి 23న పేరులేని 21 దీవులకు మన 21 మంది పరమవీరచక్ర గ్రహీతల పేర్లు పెట్టారు. సైనికుడిగా పనిచేసిన ఎవరికైనా అది చల్లని కబురు. రేపు ఫెరార్గంజ్‌కూ ఎవరైనా కొత్త పేరు అడగొచ్చు. కానీ బోర్డు మార్చడం ఒక రోజు పని. బోర్డు మీద రాయడానికి పేరు సంపాదించడం ఏళ్ల పని. ముందు రెండోది జరగాలి.

ఆ పని అసాధ్యమేమీ కాదు. రంప అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది కనుక తీర్పులు, పోలీసు నివేదికలు, ఖైదీల తరలింపు ఉత్తర్వులకు చెన్నైలోని తమిళనాడు ప్రభుత్వ పురాలేఖన శాలలో వెతకాలి. పోర్ట్ బ్లెయిర్ వ్యవహారాలు చూసిన హోం శాఖ ఫైళ్లకు ఢిల్లీ జాతీయ పురాలేఖన శాల ఉంది. ఈ రెండు నగరాల్లోనూ మన సంఘం సభ్యులు ఉన్నారు, ఉద్యోగ విరమణ చేసి తీరిక ఉన్నవాళ్లూ ఉన్నారు. రెండు చోట్లా దొరికిన పేర్లు, ఊళ్లు పక్కపక్కన పెట్టి ఒక జాబితా చేయాలి.

తరువాత ఆ జాబితా పట్టుకుని కొండకు వెళ్లాలి. చింతపల్లి, గూడెం, కొయ్యూరు, రంపచోడవరం వైపు ఊళ్లలో ఫలానా ఇంటి నుంచి ఫలానా తాత అండమాన్ పోయాడన్న మాట ఎవరికైనా గుర్తుందేమో అడగాలి. ఆ మాట చెప్పగలిగే ముసలివాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. కాగితం ఇంకో వందేళ్లు ఆగినా మనిషి ఆగడు. అందుకే ఏది ముందన్న చర్చ పెట్టుకోకుండా రెండూ ఒకేసారి మొదలుపెట్టడం మంచిది.

ఇక ఇప్పుడు దీవుల్లో ఉద్యోగం చేస్తున్న యువ మిత్రులకు ఒక మనవి. సెలవు రోజున పిల్లల్ని తీసుకుని జైలుకు వెళ్తారు కదా. బురుజు దగ్గర ఒక్క నిమిషం ఆగి, గాం మల్లుదొర ఎవరో వాళ్లకు చెప్పండి. మరో సెలవు రోజున ఫెర్రీ ఎక్కి బాంబూ ఫ్లాట్ దాటి ఫెరార్గంజ్ దాకా పోయి రండి. బస్సులో పక్కనున్న లోకల్ బార్న్ పెద్దలతో మాట కలపండి. తాత ఏ రేవులో ఓడెక్కాడు, ఇంట్లో ఏ భాషలో తిట్టేవాడు, ఏ దేవుడికి మొక్కేవాడు అని అడగండి. తెలుగు అన్న మాట వినపడితే పేరు, ఊరు, తేదీ రాసుకుని సంఘానికి పంపండి.

పేరు తెలియని వీరుడికి సెల్యూట్ చేయడం మన సైన్యం సంప్రదాయం. అయితే అది పేరు దొరికే దారులన్నీ మూసుకుపోయినప్పుడు. రంప మనుషుల విషయంలో దారి ఇంకా తెరిచే ఉంది. వచ్చే సంచికల్లో ఒక పేజీ వాళ్లకు కేటాయిద్దాం. మొదటి ఏడాది పది పేర్లే దొరికినా సరే, ఆ పది పేర్లే అచ్చు వేద్దాం.

జై హింద్.